పులస వేలు పలుకుతుంది, పట్టినవాడికి మిగిలేదెంత?

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అనే మాట గోదావరి జిల్లాల్లో తెలియనివారుండరు. తినడానికి పుస్తెలమ్మిన వాళ్ళను మేం ఇంతవరకూ చూడలేదు. పట్టడానికి పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్ళను మాత్రం ఏటిగట్టు వెంబడి పల్లెపల్లెలోనూ చూశాం. వల కొనాలంటే డబ్బు కావాలి. పడవకి మరమ్మతు చేయించాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు ఇంట్లో ఉండదు గనక ఆడమనిషి మెడలో ఉన్నది పోతుంది. అదీ లేకపోతే షావుకారు గుమ్మం ఎక్కవలసిందే.

వ్యవసాయ కార్మికుల పేజీలో చేపల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట, అంటే గౌతమి మీద యానాం దిగువన, వశిష్ఠ మీద అంతర్వేది దగ్గర, వైనతేయ మీద ఓడలరేవు వైపు వెళ్ళి చూడండి. నాట్లకీ కోతలకీ వెళ్ళే చెయ్యీ, తెడ్డు పట్టే చెయ్యీ ఎన్నో ఇళ్ళల్లో ఒకటే. సెంటు భూమి లేదు, సొంత పడవ లేదు. రైతు పిలిస్తే చేలోకి, పడవ యజమాని పిలిస్తే ఏట్లోకి. రెండు చోట్లా కూలీయే. కనుక ఇది మన గొడవే.

వేట ఎలా సాగుతుంది

పులస పుట్టేది తీపి నీటిలో, పెరిగేది సముద్రంలో. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. కవళ్ళకి దగ్గర చుట్టం. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళ మాదిరిగానే అడుగు బురదలో కాక నీటి పై పొరల్లో గుంపులు కట్టి తిరుగుతుంది. గుడ్లు పెట్టడానికి మళ్ళీ తీపి నీరే కావాలి. జూలై నెలలో గోదావరికి ఎర్రనీరు వచ్చేసరికి మొగలోకి చేరుతుంది. అక్కడినుంచి వరదకి ఎదురీదుతుంది. ఎదురీదిన విలసే పులస. రుచి మారుతుంది, పేరు మారుతుంది, ధరా మారుతుంది. అందుకే బయటి సముద్రపు విలసను తెచ్చి పులసని నమ్మించి అమ్మే వ్యాపారం కూడా బాగానే సాగుతోంది.

దీన్ని పట్టేది చిన్న నావ మీద. ఇద్దరో ముగ్గురో మనుషులు. పోటు ఎక్కే వేళ, పోటు తిరిగే వేళ చూసుకుని దిగుతారు. అమావాస్యకీ పున్నమికీ పోటు బలం ఎక్కువ. ఒకడు తెడ్డు వేస్తుంటే ఒకడు ఏటికి అడ్డంగా వల వదులుతాడు. పై తాడుకి బెండ్లు, కింది తాడుకి బరువులు కట్టి ఉంటాయి గనక వల నీళ్ళల్లో గోడ కట్టినట్టు నిలబడుతుంది. లంగరు వెయ్యరు. వలా పడవా నీటివాలుకి కలిసి కదులుతాయి. ఎదురొచ్చిన చేప వల కన్నులో తల దూర్చి, ముందుకు పోలేక, వెనక్కి రాబోయి మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. కన్ను పెద్దదైతే పెద్ద చేపే చిక్కుతుంది, పిల్ల చేప దాటిపోతుంది. ఈ కొలత ఎంత ముఖ్యమో జాలరికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

వరద నీళ్ళల్లో చేప ఒక్కటే రాదు. మానులొస్తాయి, కంపలొస్తాయి. ఒక్క దుంగ తగిలిందంటే వల నిలువునా చీలిపోతుంది. చీకట్లో తెడ్డు పట్టినవాడు ఏమరితే మనిషికే ముప్పు. రాత్రంతా తడిసి, తెల్లారి ఉత్త వల లాక్కుని ఒడ్డెక్కే రోజులే ఎక్కువ.

ధర చెప్పేదెవరు

వేలంలో వేల రూపాయలు పలికిన పులస బొమ్మ మర్నాడు పేపర్లో పడుతుంది. అదే రాత్రి వల వేసి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన పడవల మాట ఏ పేపర్లోనూ పడదు.

వచ్చిన సొమ్ములో ముందు ఐసు, తిండి, ఇంజను ఉంటే డీజిలు ఖర్చు తీసేస్తారు. తర్వాత పడవకి వాటా, వలకి వాటా. ఆ తర్వాత మనుషులకి. వాటా లెక్క ఊరికొక తీరుగా ఉన్నా సారం ఒక్కటే. పడవా వలా లేనివాడికి చేతుల వాటా తప్ప మరేం రాదు. చేప పడనినాడు ఆ వాటా సున్న. పడవ రేపటికీ ఉంటుంది, కూలీవాడి రోజు మాత్రం పోయినట్టే.

పడవ సొంతమైనవాడి సంగతైనా బాగుందా అంటే అదీ లేదు. సీజనుకి ముందే వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. "వడ్డీ లేదు కదా" అంటాడు. పట్టిన చేప ఆయనకే పొయ్యాలి, ఆయన చెప్పిన ధరకే పొయ్యాలి. వడ్డీ కాగితం మీద ఉండదు, తూకంలో ఉంటుంది, ధరలో ఉంటుంది. పక్క ఊరి వ్యాపారి రెండు వందలు ఎక్కువిస్తానన్నా ఇచ్చుకోవడానికి లేదు. పాలేరుకి ముందుగా డబ్బిచ్చి ఏడాది పొడుగునా కట్టేసుకున్న భూస్వామి పద్ధతికీ దీనికీ తేడా ఏముంది?

వశిష్ఠ ఒడ్డున ఒక పెద్దాయన్ని, "బాబాయ్, వల నీదే, చేప నీదే, ధర కూడా నువ్వే చెప్పచ్చు కదా" అని అడిగాం. "వల నాదెక్కడిదిరా అబ్బాయ్? ఆ షావుకారు వల చేపకి వెయ్యలేదు, నాకేశాడు" అన్నాడు.

ఆడవాళ్ళ గతి ఇంకా కష్టం. మంచి చేపంతా ఐసు పెట్టెల్లో పట్నానికి పోతుంది. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే మనిషికి మిగిలింది చిన్నాచితకా చేప. అదీ అరువుకే.

చేపకి దారేదీ

ధరకి తోడు చేపే తగ్గిపోతోందని ఏట్లో దిగే ప్రతివారూ చెబుతున్నారు. పులస ఎగువకి పోయే దారికి ధవళేశ్వరం దగ్గర 1852 నుంచే అడ్డం పడింది. కాటన్ కట్టించిన ఆ ఆనకట్ట స్థానంలో 1982 నాటికి బ్యారేజీ లేచింది. ఆ కాలువల నీటితో పండిన అన్నమే మనం తింటున్నాం. కాలువకి నీళ్ళొద్దని ఏ జాలరీ అనడు. అయితే వేసవిలో ఏరు ఎండి, ఉప్పునీరు పైపైకి ఎగదన్నుతుంటే అది జాలరికే కాదు, తాగేనీటికీ చేలకీ కూడా చేటే. గంగానది మీద ఫరక్కా బ్యారేజీ 1975లో పనిలోకి వచ్చింది. అంతకు ముందు అలహాబాదు దాకా ఎక్కిన ఈ చేప ఆ తర్వాత ఎగువన దాదాపు కనిపించకుండా పోయింది. మన ఎగువన ఇప్పుడు పోలవరం కడుతున్నారు. దిగువకి ఎంత నీరు, ఏ నెలలో వదులుతారన్న లెక్కలో మొగ దగ్గరి మనుషుల మాటకి చోటుండాలా వద్దా?

మరో పక్క, తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకూ చిన్న పడవల వారిదేనని 1994 నాటి రాష్ట్ర సముద్ర వేట చట్టం కింద నిబంధన ఉంది. పెద్ద మరబోట్లు ఆ గీత దాటి లోపలికి వస్తున్నాయన్నది తీరం పొడుగునా వినిపించే ఫిర్యాదు. మొగలోకి రావలసిన చేపను బయటే ఊడ్చేస్తే లోపల చిన్న నావ పట్టేదేమిటి?

కడుపు నింపి ఆపాలి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రంలో మరబోట్లూ ఇంజను పడవలూ వేటకి పోకూడదు. ఆ కాలానికిచ్చే సాయం 2019లో కుటుంబానికి 10 వేల రూపాయలైంది, 2025లో 20 వేలైంది. మంచిదే. కానీ అది రిజిస్టరైన పడవల లెక్క మీద వస్తుంది. పడవ కాగితం లేని ఏటి జాలరి పేరు, నేడు చేలో రేపు పడవ మీద ఉండే కూలీ పేరు జాబితాలో ఎక్కేదెలా?

పులస గుడ్లు పెట్టే కాలం వేరు, ఈ నిషేధ కాలం వేరు. బంగ్లాదేశ్‌లో ఏం చేశారో చూడండి. అక్కడ అక్టోబరు ప్రాంతంలో గుడ్ల కాలంలో 22 రోజులు ఈ చేప వేట ఆపుతారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్ల చేపను నవంబరు నుంచి జూన్ దాకా పట్టనివ్వరు. ఊరికే ఆపమనడం లేదు. పిల్ల చేప కాలంలో జాబితాలో ఉన్న కుటుంబానికి నాలుగు నెలలపాటు నెలకి 40 కిలోల బియ్యం ఇచ్చే పథకం పెట్టారు. 2002-03లో 2 లక్షల టన్నులకి దిగిన దిగుబడి 2017-18లో 5 లక్షలు దాటింది. అక్కడి జాలరికీ అప్పుల బాధ తీరలేదు, బియ్యం అందరికీ అందలేదు. అయినా కడుపు చూడకుండా చెయ్యి ఆపమనడం అన్యాయమని అక్కడి సర్కారైనా ఒప్పుకున్నట్టే కదా.

కేరళలో తిరువనంతపురం తీరాన చిన్న పడవల వారు ఊరూరా సంఘాలు పెట్టుకుని, ఒడ్డున వేలం తమ సంఘం చేతుల్లోకే తెచ్చుకున్నారు. అమ్మిన సొమ్ములో కొంత పొదుపుకి, కొంత పాత అప్పుకి జమ చేసుకున్నారు. 1980లో ఆ సంఘాలన్నీ ఒక సమాఖ్యగా కలిశాయి. వాళ్ళకి చేతనైంది మనకి చేతకాదా?

మనం అడగవలసినవి

ఏట్లో వేటాడే ప్రతి ఒక్కరికీ, పడవ ఉన్నా లేకున్నా, గుర్తింపు కార్డు ఇవ్వాలి. సాయం పడవకి కాదు, మనిషికి ఇవ్వాలి. గుడ్ల కాలంలో వేట ఆపమంటే ముందు బియ్యమూ కూలీ డబ్బులూ ఇచ్చి ఆపమనాలి. చిన్న కన్ను వలలు అడ్డుకోవడం మొదట పెద్ద బోట్ల దగ్గర మొదలుపెట్టాలి. వలకీ పడవకీ సహకార సంఘం ద్వారా అప్పు ఇవ్వాలి. ఒడ్డున తూకం, వేలం సంఘం చేతుల్లో ఉండాలి. బ్యారేజీ దిగువకి వేసవిలో కొంత నీరు వదలాలి.

వీటిలో సర్కారు చెయ్యవలసినవి పోరాడి సాధించుకోవాలి. తూకం మాత్రం ఎవరూ ఇచ్చేదాకా ఆగనక్కరలేదు. పది పడవలూ ముప్పై మంది మనుషులూ ఒక మాట మీద నిలబడితే, ఒక కాటా కొనుక్కుని, రేపు వచ్చే ఎర్రనీటికే మొదలుపెట్టవచ్చు. చేలో కూలి రేటు ఊరంతా కూర్చుని తేల్చుకున్నవాళ్ళం. చేప రేటు ఒడ్డున కూర్చుని తేల్చుకోలేమా?