ఆట సగంలో ఆలూ పళ్లెం!

టీవీలో ఆట. చుట్టూ పదిమంది. మధ్యలో బల్లమీద ఒకటే పళ్లెం. అందులోని ఫ్రైస్ కరకరలాడితే సందడే సందడి. మెత్తబడిపోయాయా... అభిమాన జట్టు గెలిచినా ఇంటివాళ్లు ఓడిపోయినట్టే! అమెరికా ‘గేమ్ డే’ పార్టీల్లో కనిపించే లోడెడ్ ఫ్రైస్ సంగతే ఇదంతా.

ఫిబ్రవరిలో రెండో ఆదివారం. సాయంత్రమయ్యేసరికి అమెరికాలో సగం దేశం టీవీల ముందు చేరుతుంది. ఆ రోజే సూపర్ బౌల్... అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఫైనల్. 1967 జనవరి 15న లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి జరిగింది. తూర్పు తీరంలో సాయంత్రం ఆరున్నరకు ఆట మొదలైతే, మనకప్పుడు సోమవారం తెల్లవారుజాము అయిదు గంటలు. లెక్కప్రకారం ఆట 60 నిమిషాలే. విరామాలూ ప్రకటనలూ కలుపుకుంటే మూడున్నర గంటలు దాటుతుంది. అంతసేపు ఖాళీ నోటితో ఎవరు కూర్చుంటారు? అందుకే చికెన్ వింగ్స్, నాచోస్, అవకాడో పచ్చడిలాంటి గ్వాకమోలే... వాటి సరసనే లోడెడ్ ఫ్రైస్.

పేరు కొత్తగా అనిపించినా విషయం సులువే. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద కరిగించిన చీజ్, ఉల్లికాడలు, హాలపీన్యో మిరపకాయ చక్రాలు, పుల్లటి మీగడ, మాంసం తినేవాళ్లయితే బేకన్ ముక్కలు... ఇలా పైన ఎక్కించినన్ని ఎక్కించడమే. దీనికి చుట్టాలు చాలామందే ఉన్నారు. కెనడాలోని క్యుబెక్‌లో 1950ల్లో పుట్టిన ‘పూటీన్’లో చీజ్ ముక్కల మీద వేడి గ్రేవీ పోస్తారు. శాన్ డియాగోలో కాల్చిన గొడ్డుమాంసం వేస్తారు. న్యూజెర్సీలో మోజరెల్లా, గ్రేవీ కలిపి ‘డిస్కో ఫ్రైస్’ అంటారు.

ఆవిరే అసలు శత్రువు!

మిరపకాయ బజ్జీని చీల్చి ఉల్లిపాయలు కూరి నిమ్మకాయ పిండి ఇస్తే ఏం చేస్తాం? నిలబడిన చోటే తినేస్తాం. పావుగంట ఆగితే అది వేరే పదార్థం. ఫ్రైస్‌దీ అదే తంతు. నూనెలోంచి తీసిన క్షణం నుంచీ లోపలి తేమ ఆవిరై పైపొరలోకి వస్తూనే ఉంటుంది. దానిమీద తడి చీజ్, మీగడ కూడా పడితే ఇక చెప్పాలా! లోడెడ్ ఫ్రైస్‌లో నేర్పంతా ఆ పైపొరను కాపాడుకోవడంలోనే ఉంది.

పదిమందికి రెండు కిలోల దుంపలు చాలు. అమెరికాలో ‘రసెట్’ రకం వాడతారు. దాంట్లో పిండి ఎక్కువ, నీరు తక్కువ. మన దగ్గరైతే కొత్త దుంపలకన్నా పాతవే నయం. వేలెడు మందాన పొడవుగా కోసి, చన్నీళ్లలో అరగంట నాననివ్వాలి. పైనున్న పిండీ చక్కెరా పోతాయి, లేకపోతే లోపల ఉడక్కముందే పైన మాడతాయి. తర్వాత పొడిబట్టతో శుభ్రంగా తుడవాలి. ఇక్కడ బద్ధకిస్తే నూనె చిట్లి చేతులు కాలతాయి.

వేయించడం ఒకసారి కాదు, రెండుసార్లు. ముందు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయిదారు నిమిషాలు. రంగు మారకూడదు, లోపల మాత్రం ఉడకాలి. ఈ పని ఆట మొదలవకముందే చేసి చల్లార్చుకోవచ్చు. అసలు సమయానికి 190 డిగ్రీల నూనెలో రెండు మూడు నిమిషాలు. కరకరంతా ఈ రెండో వాయిలోనే! జల్లెడలాంటి జాలీ మీదకు తీయాలిగానీ, గిన్నెలో గుట్టగా పోస్తే వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి.

చీజ్ సాస్‌కి రెండు చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదా వేయించి, ఒకటిన్నర కప్పు పాలు పోసి చిక్కబడ్డాక దించేయాలి. దించాకే పావుకిలో చెడ్డార్ తురుము కలపాలి. పొయ్యిమీదే మరిగిస్తే చీజ్ విరిగి నూనె తేలుతుంది. తురిమి అమ్మే ప్యాకెట్ల జోలికి పోకపోవడమే మేలు. అంటుకోకుండా అందులో కలిపే పొడి సరిగా కరగనివ్వదు.

ఎవరి ముక్క వాళ్లకి

పళ్లెం ఒకటే, తినేవాళ్లు మాత్రం రకరకాలు. బేకన్ తిననివాళ్లు, గొడ్డుమాంసం ముట్టనివాళ్లు, అసలు మాంసమే తాకనివాళ్లు... పిలుపందుకున్నవాళ్లలో మన తెలుగువాళ్లుంటే ఈ మూడు రకాలూ ఒక్క ఇంట్లోంచే రావచ్చు! అన్నీ కలిపి ఎక్కించేస్తే వాళ్లు మంచినీళ్లు తాగి కూర్చోవాల్సిందే. ఇది ఉత్త మర్యాద విషయం కాదు. మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో 1990లో కూరగాయల నూనెకి మారుతున్నామని ప్రకటించింది. కానీ ఫ్రైస్‌లో గొడ్డుమాంసం ఫ్లేవర్ ఉందని తెలిసి 2001లో శాకాహారులూ హిందువులూ కోర్టుకెక్కారు. సంస్థ క్షమాపణ చెప్పి, 2002లో కోటి డాలర్లతో రాజీ కుదుర్చుకుంది. ‘ఆలూయే కదా’ అని తిన్నవాళ్ల బాధ అది.

కాబట్టి ఫ్రోజెన్ ప్యాకెట్ కొన్నా వెనక జాబితా చదవాలి. చికెన్ వేయించిన నూనె వాడకూడదు. కొన్ని చీజ్‌లలో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ ఉంటుంది, ‘వెజిటేరియన్’ అని ఉన్నదే తీసుకోవాలి. గొడ్డుమాంసం చిల్లీకి బదులు మెత్తగా ఉడికిన రాజ్మా, టొమాటో, జీలకర్ర, ఎండుమిర్చితో చిక్కటి కూర చేస్తే సరి. బేకన్‌ని పక్కన కప్పులో పెట్టి, దానికో చెంచా విడిగా ఉంచితే కావాల్సినవాళ్లు వేసుకుంటారు.

మామూలు ఆటల్లో విరామం పావుగంటలోపే. సూపర్ బౌల్‌లో పాటల కార్యక్రమం వల్ల దాదాపు అరగంట దొరుకుతుంది. రెండో వాయి వేయడానికి అదే ముహూర్తం. ముందే వేడిచేసిన వెడల్పాటి ట్రేలో ఫ్రైస్ పలచగా పరిచి కొంచెం సాస్, పైన ఇంకో వరస, మళ్లీ సాస్. అడుగు ముక్కకీ చీజ్ అందాలంటే ఇదొక్కటే దారి, గుట్టపోసి పైన గుమ్మరిస్తే ముందు చెయ్యిపెట్టినవాడిదే భాగ్యం! 200 డిగ్రీల ఒవెన్‌లో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, రాజ్మా, ఉల్లికాడలు, మిరపకాయలు చల్లాలి. మీగడ మాత్రం బల్లమీద పెట్టాకే.

అన్నట్టు, 2013లో న్యూఓర్లీన్స్‌లో విరామం అయిన కాసేపటికే స్టేడియంలో కరెంటు పోయి ఆట 34 నిమిషాలు ఆగింది. ఇంకో ట్రే దించడానికి అంతకన్నా సమయమేం కావాలి! 2017లో మూడో భాగంలో 28-3తో వెనకబడిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అదనపు సమయంలో 34-28తో గెలిచింది. ఆట అలా సాగినా చీజ్, మాంసం ఉన్న పళ్లేన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. తిన్నంత తిని, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మర్నాడు పొద్దున పెనం మీద వేడిచేసి, తినేవాళ్లయితే పైన ఓ గుడ్డు కొట్టుకుంటే సోమవారం టిఫిను సిద్ధం.