ఇంట్లోంచే వేసవి కచేరీ

కచేరీకి వెళ్ళాలని మనసులో అనుకోవడం తేలికే గాని, ఇల్లు కదలడం ఎంత కష్టమో ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పొయ్యి మీద పాలు, మంచంలో పెద్దవాళ్ళు, ఉయ్యాల్లో పసివాళ్ళు. వీళ్ళనెవరికి అప్పగించి వెళతాం? "ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు" అనుకుంటూనే సగం జీవితం గడిచిపోతుంది. అలా గుమ్మం దాటలేని వాళ్ళ దగ్గరికి కచేరీయే నడిచి వస్తే ఎలా ఉంటుందో, దాన్ని ఎలా చూస్తే మనకు దక్కుతుందో ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

మా అమ్మాయి పురిటికని ఒక వేసవిలో నేను ఇంగ్లండు వెళ్ళాను. వాళ్ళ వేసవి మనలాగా ఏప్రిలు, మే నెలల్లో కాదు. జూలై, ఆగస్టులే వాళ్ళకి ఎండాకాలం. రాత్రి తొమ్మిదవుతున్నా వీధిలో వెలుగు ఉంటుంది. పసిదేమో సాయంత్రమయ్యేసరికి ఏడుపు లంకించుకునేది. దాన్ని భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, ఊసుపోక టీవీ పెట్టేదాన్ని. అలా కంటబడ్డాయి నాకు "ప్రామ్స్" అనే సంగీత కచేరీలు.

ప్రామ్స్ అంటే ప్రామినేడ్ కచేరీలు. ప్రామినేడ్ అంటే షికారుగా నడవడం. పూర్వం లండనులో తోటల్లో వాద్యగోష్ఠి జరుగుతూంటే జనం తిరుగుతూ వినేవారట. ఆ పేరే వీటికీ నిలిచింది. ఈ కచేరీలు 1895 ఆగస్టు 10న లండనులోని క్వీన్స్ హాల్లో మొదలయ్యాయి. ఆ హాలు మేనేజరు రాబర్ట్ న్యూమన్‌కి ఒక కోరిక ఉండేది. గొప్ప సంగీతం గొప్పవాళ్ళకేనా, నలుగురికీ అందకూడదా అని. అందుకని టిక్కెట్టు ఒక్క షిల్లింగు పెట్టాడు. నిలబడి వినొచ్చు, తినొచ్చు, తాగొచ్చు, చుట్ట కూడా కాల్చుకోవచ్చు. పాట పాడేటప్పుడు మాత్రం అగ్గిపుల్ల గీయవద్దని మనవి! వాద్యబృందాన్ని నడిపించడానికి హెన్రీ వుడ్ అనే కుర్రవాణ్ణి పెట్టాడు. అప్పటికి అతని వయస్సు 26 ఏళ్ళు.

దీనికి పెట్టుబడి పెట్టినది ఎవరో తెలుసునా? జార్జ్ క్యాత్‌కార్ట్ అనే గొంతు డాక్టరు. డబ్బిస్తాను గాని ఒక షరతు అన్నాడాయన: శ్రుతి తగ్గించాలి. ఆ రోజుల్లో ఇంగ్లండులో వాద్యాలకి శ్రుతి బాగా హెచ్చుగా ఉండేదట. ఆ శ్రుతిలో పాడి పాడి గాయకుల గొంతులు దెబ్బతింటున్నాయని వైద్యుడుగా ఆయన బాధ. న్యూమన్ సరేనన్నాడు. శ్రుతి దిగింది, కచేరీలు నిలబడ్డాయి. శ్రుతి సంగతి మన సంగీతం వాళ్ళకు మాత్రమే పట్టింపు అనుకునే నాకు ఈ కథ విన్నాక ఆ ఊరు కొంచెం దగ్గరగా అనిపించింది.

న్యూమన్ 1926లో పోయాడు. మరుసటి ఏడు, 1927లో, బీబీసీ రేడియో వారు ఈ కచేరీల భారం తీసుకున్నారు. మన మద్రాసులో కాంగ్రెసు మహాసభతో పాటు సంగీత మహాసభ జరిగింది కూడా ఆ 1927 డిసెంబరులోనే. అందులోంచే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. మనకు మార్గశిరం చలిలో సీజను, వాళ్ళకి వేసవి వెలుగులో సీజను. అంతే తేడా.

యుద్ధకాలంలో 1941 మే 10 రాత్రి జర్మను బాంబులకి క్వీన్స్ హాలు కాలిపోయింది. ఆ శిథిలాల్లోంచి హెన్రీ వుడ్ కంచు విగ్రహం ఒకటి బయటపడింది. కచేరీలు మాత్రం ఆగలేదు. ఆ ఏడే రాయల్ ఆల్బర్ట్ హాలుకు మారాయి. ఇప్పటికీ సీజను పొడుగునా ఆ విగ్రహాన్ని వేదిక వెనక ఎత్తున ఉంచుతారు. ఆఖరి రోజున దానికి ఆకుల దండ వేస్తారు. టీవీలో అది కనబడినప్పుడు, ఆరాధనోత్సవాల్లో త్యాగయ్యగారి పటానికి మనం వేసే దండే గుర్తొచ్చింది నాకు.

ఈ ఆల్బర్ట్ హాలు 1871లో తెరిచిన గుండ్రని భవనం. అయిదువేల మందికి పైగా పడతారు. లోపల పెద్ద గోపురం ఉండటంవల్ల పూర్వం శబ్దం ప్రతిధ్వనించి రెండుసార్లు వినిపించేదట. కొత్త స్వరకర్తకి తన రచన రెండోసారి వినే అదృష్టం ఈ హాల్లోనే అని ఓ చమత్కారం కూడా ఉంది. 1969లో గోపురం కింద పుట్టగొడుగుల్లాంటి పెద్ద పెద్ద పళ్ళాలు వేలాడదీస్తే ఆ గోల తగ్గింది. టీవీలో పైకప్పు చూపించినప్పుడు "అవేమిటే?" అంటే మా అమ్మాయి చెప్పింది. మధ్యలో కుర్చీలు లేని చోట వందలాది జనం నిలబడి ఉంటారు. వాళ్ళే ప్రామర్లు. కొద్ది పౌన్లు ఇచ్చి, రెండు గంటలు కాళ్ళమీద నిలబడి వింటారు. షిల్లింగు టిక్కెట్టు నాటి ఆచారం ఇంకా పోలేదన్నమాట.

మరి తెలియని సంగీతాన్ని ఎలా వినడం? మొదటిరోజు నా సంగతి చెబితే నవ్వుతారు. అందరూ ఒక్కసారి ఏదో వాయించారు. "బాగానే ఉందే!" అన్నాను. అది కచేరీ కాదు, శ్రుతి చూసుకుంటున్నారంది మా అమ్మాయి. సిగ్గుపడలేదు లెండి. 1971లో న్యూయార్కులో బంగ్లాదేశ్ సహాయార్థం జరిగిన కచేరీలో రవిశంకర్‌గారి బృందం శ్రుతి చేసుకుంటూంటే వేలమంది అమెరికన్లు చప్పట్లు కొట్టారు. ఎవరికి అలవాటు లేనిది వాళ్ళకి వింతే.

అక్కడ శ్రుతి ఇచ్చేది తంబురా కాదు, ఓబో అనే వాద్యం. ఇది మన సన్నాయికి చుట్టమే. రెండిటికీ నోట్లో పెట్టుకునే చోట జంట రెల్లుపీకలుంటాయి. ఓబో ఒక స్వరం పట్టి నిలబెడితే మిగతావాళ్ళు దానికి కలుపుకుంటారు. కచేరీ మొదలయ్యాక మనకున్నట్టు శ్రుతి వెనకాల మోగుతూ ఉండదు. ఆ లోటు మన చెవికి మొదట తెలుస్తుంది.

రెండోది, సింఫనీ అనే పెద్ద రచనకు మామూలుగా నాలుగు భాగాలుంటాయి. ఒక భాగం అయ్యాక నిశ్శబ్దంగా ఉంటారు. దగ్గులన్నీ అప్పుడే దగ్గేస్తారు. చప్పట్లు చివరనే. అదీ గీత గీసినట్టు కాదు, ప్రామ్స్‌లో జనం ఉండబట్టలేక మధ్యలో కూడా కొడుతూంటారు. మనలాగా తల పంకించడం, "భేష్" అనడం, తొడమీద తాళం వేయడం ఉండదు. అంతమంది కదలకుండా కూర్చుంటే వాళ్ళకి నచ్చలేదేమో అనుకున్నాన్నేను. వాళ్ళ మెచ్చుకోలు అలా దాచిపెట్టుకుని ఆఖర్న ఒక్కసారి ఇస్తారు.

మూడోది కండక్టరు. చేతిలో చిన్న పుల్ల తప్ప ఏ వాద్యమూ ఉండదు. మనకు మృదంగం వేసే తాళం, పాటకుడు చేత్తో వేసే క్రియ ఉన్నాయి. అక్కడ ఎనభై, తొంభై మందికి ఒకడే కాలం చూపించాలి. హాల్లో కూర్చున్నవాళ్ళకి ఆయన వీపే కనిపిస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్ళకి ముఖం కనిపిస్తుంది! ఎవరివైపు చూశాడో వాళ్ళ వాయింపు రెండు క్షణాల్లో మొదలవుతుంది. ఇది టీవీ ఇచ్చే లాభం. కెమెరాలు నడిపేవాళ్ళ దగ్గర స్వరలిపి ప్రతి ఉంటుంది. ఎక్కడ ఎవరి వంతో ముందే గుర్తు పెట్టుకుని, సరిగ్గా అప్పటికి ఆ మనిషి దగ్గరికి తీసికెళతారు. వేళ్ళు, ఊపిరి పీల్చడం, నుదుటి చెమట కూడా చూడొచ్చు.

నష్టమూ ఉంది. టీవీ పెట్టెల్లో స్పీకర్లు చిన్నవి కాబట్టి డబుల్ బాస్ వంటి మంద్రవాద్యాల నాదం చాలావరకు ఎగిరిపోతుంది. మంచి ఇయర్‌ఫోన్లు ఉంటే పెట్టుకోండి. ఇంకో మాట, కెమెరా చూపించిందే చూడాలి. మీ చూపు మీది కాదు. అందుకని కాసేపు చూసి, కాసేపు కళ్ళు మూసుకుని వినండి. ఇది రేడియో నేర్పిన విద్య. 1952లో ఆకాశవాణి సంగీత జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పటినుంచి శనివారం రాత్రి దీపం తగ్గించి విన్న ఇళ్ళు మన ఆంధ్రదేశంలో ఎన్ని లేవు! అన్నమాట, ప్రామ్స్ కచేరీలన్నీ బీబీసీ రేడియోలో వస్తాయి. టీవీలో కొన్నే. 1947 నుంచి టీవీలో చూపడం మొదలుపెట్టారు.

ఆఖరి రాత్రి కచేరీ మాత్రం ఓ తిరునాళ్ళే. జెండాలు, బూరాలు, రంగు టోపీలు. అందులో సముద్రాన్ని ఏలడం గురించి, తాము ఎన్నటికీ బానిసలం కామనడం గురించి ఒక పాత పాట పాడతారు. ఒకప్పుడు వాళ్ళ ఏలుబడిలో ఉన్నవాళ్ళం, ఆ మాట మన చెవికి చల్లగా పడదు కదా. వాళ్ళల్లో వాళ్ళకే 2020లో ఆ పాట మీద పెద్ద వాదోపవాదాలు జరిగాయి. నాకు ఇబ్బందిగా ఉండి ఆ కాసేపూ వంటింట్లోకి వెళ్ళాను. అదే వేదికమీద 2023లో మన లతా మంగేష్కర్ పాటలతో ఒక సాయంత్రమంతా కచేరీ జరిగిందని తెలిసినప్పుడు మనసు తేలికపడింది.

ఆ 2020లోనే కరోనా వచ్చింది. హాలు ఖాళీ. ఆఖరి రెండువారాలు ప్రేక్షకులు లేకుండానే దూరదూరంగా కూర్చుని వాయించారు. అయిదువేల కుర్చీల ముందు ఒక్క మనిషి లేడు. ఆ ఏడు విన్నవాళ్ళందరూ ఇళ్ళలోంచే విన్నారు. ఎప్పుడూ గుమ్మం దాటలేని వాళ్ళ స్థితి ఏమిటో ఆ ఒక్క వేసవి లోకానికంతటికీ తెలిసింది.

ఇక అసలు సంగతి. ఒక సాయంత్రం కచేరీ చూస్తూ మా అమ్మాయి కథలు చెప్పింది. ఈ హెన్రీ వుడ్ 1913లో తన బృందంలోకి ఆరుగురు ఆడవాళ్ళను తీసుకున్నాడట. పెద్ద వాద్యబృందాల్లో ఆడవాళ్ళకు చోటు లేని రోజులవి. వియన్నాలోని ప్రసిద్ధ బృందం ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకున్నది 1997లో! ప్రామ్స్ ఆఖరి రాత్రి కచేరీని ఒక స్త్రీ నడిపించడానికి 2013 దాకా ఆగవలసివచ్చింది. ఆమె మారిన్ ఆల్సప్. ఖాళీ హాలులో 2020 ఆఖరి రాత్రి నడిపించినది కూడా స్త్రీయే, దాలియా స్టసెవ్‌స్కా.

"తలుపు ఎవరో ఒకరు తియ్యాలిగా అమ్మా," అంది మా అమ్మాయి. మామూలుగానే అంది. నాకే గుచ్చుకుంది. ఏడేళ్ళు వీణ నేర్చుకున్న పిల్ల అది. ఇంటరులో చదువు పాడవుతుందని మానిపించింది నేనే. "తరవాత నేర్చుకుందువుగాని" అన్నాను. ఆ తరవాత రాలేదు. వీణ ఇప్పటికీ మా ఇంట్లో అటకమీద, పాత దుప్పటి చుట్టుకుని ఉంది. అప్పట్లో మా ఆయనా, పిల్ల మేష్టారూ వద్దంటూనే ఉన్నారు. నేను వినలేదు.

ఆ రాత్రి ఫిడేలు కచేరీ. వాయించే అమ్మాయి వేళ్ళు దగ్గరగా చూపిస్తున్నారు. మా అమ్మాయి పాపకి పాలిస్తూ, ఎడమచేతి వేళ్ళు సోఫా అంచుమీద కదిలిస్తోంది. తను గమనించుకోలేదు. మెట్లమీద నడిచే వేళ్ళు అవి. నేను ఏమీ అనలేదు. పాపని నేను తీసుకున్నాను. "నువ్వు విను, ఈ గంటా నిన్నెవరూ పిలవరు" అన్నాను.

అప్పట్నుంచి ఆ ఇంట్లో అదే ఏర్పాటైంది. వారానికి రెండు సాయంత్రాలు, కచేరీ అయ్యేదాకా పాప నాది, వంటిల్లు అల్లుడిది, చెవులు దానివి. అల్లుడు పప్పు మాడ్చిన రోజులూ ఉన్నాయి. ఆకలితో ఎవరూ పోలేదు.

మీకు ప్రామ్సే అక్కర్లేదు. వాళ్ళకి సాయంత్రం ఏడున్నర అంటే మనకి అర్ధరాత్రి పన్నెండు, నిద్ర చెడగొట్టుకోవద్దు కూడాను. వైశాఖమాసంలో అన్నమయ్య జయంతి కచేరీలుంటాయి, చైత్రంలో శ్రీరామనవమి పందిళ్ళ కచేరీలుంటాయి. టీవీలో వచ్చేవి చూడండి. కాకపోతే కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ కాదు. అలా వింటే పనీ అవుతుంది, సంగీతమూ పక్కనే పోతూ ఉంటుంది గాని మనలోకి రాదు. వారానికొక్క గంట నాది అని ఇంట్లో చెప్పండి. ముందురోజే చెప్పండి. వంట ముందే ముగించుకోండి, లేదా ఇంకొకరికి అప్పగించండి. ఎవరి కచేరీయో, ఏ కృతి ఎవరిదో ముందుగా కాస్త తెలుసుకుంటే విన్నదానికి పట్టు దొరుకుతుంది. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. పది నిమిషాలు విని లేచిపోయినా ఫర్వాలేదు.

ఇంట్లో ఎవరి వీణైనా, ఎవరి ఫిడేలైనా అటకమీద ఉంటే దింపండి. నేను తిరిగొచ్చిన వారానికే దింపించాను. తంతులు తుప్పుపట్టాయి, రెండు మెట్లు మైనం వదిలి ఊడాయి. బాగుచేయడానికి ఇచ్చాను. ఈసారి పాపని తీసుకుని అమ్మాయి వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. వాయిస్తుందో లేదో దాని ఇష్టం. నేను మాత్రం మళ్ళీ "తరవాత" అనను.

సెలవు.