ట్రాన్స్‌ఫార్మర్‌లో కాగితానికి ముసలితనం ఎందుకొస్తుంది?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వెళ్తుంటే పొలాల పక్కన ట్రాన్స్‌ఫార్మర్లు కనిపిస్తాయి కదూ! వాటి లోపల తీగచుట్టలు, నూనెతో పాటు కాగితం కూడా ఉంటుందని తెలుసా?

కరెంటుకు కాగితమెందుకు? తీగ చుట్లు ఒకదాన్నొకటి తాకకుండా వాటికి కాగితపు చొక్కా తొడుగుతారన్నమాట. నూనె వేడిని బయటికి మోసుకొస్తుంది.

ఈ కాగితం చెక్క గుజ్జుతో చేసింది. అందులో కంటికి కనిపించని పూసల దండలుంటాయి. కొత్తలో ఒక్కో దండకు దాదాపు 1000 పూసలు. వేడి, తేమ, ఆక్సిజన్ కలిసి దండల్ని తెంపుతాయి. పూసలు 200కు తగ్గేసరికి కాగితం తాతయ్య పాత పుస్తకంలా పెళుసవుతుంది. అది చిట్లితే తీగలు కలిసి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

దండలు తెగే కొద్దీ లోపల నీరు పుడుతుంది. ఆ నీరు ఇంకొన్నింటిని తెంపుతుంది! బాగా కాగుతున్న కాగితానికి మరో 6 డిగ్రీల వేడి తగిలితే చాలు, ముసలితనం సుమారు రెట్టింపు వేగంతో వస్తుంది. మండువేసవిలో మోటార్లన్నీ ఒకేసారి తిరిగితే పాపం, దానికెంత కష్టమో!

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టొద్దని అమ్మ చెబుతుందిగా? ఇక్కడా అంతే. చాలా ట్రాన్స్‌ఫార్మర్లకు తేమ పీల్చే నీలి గుళికల సీసా ఉంటుంది. గుళికలు గులాబీ రంగుకు మారితే వాటిని మార్చాలి. నూనెనైతే మార్చొచ్చు, లోపలి కాగితాన్ని మార్చడం తేలిక కాదు. అందుకే దాన్ని కాపాడుకోవాలి. మీరు మాత్రం దూరం నుంచే చూడండి!