పట్టాల ఊళ్లో పట్టా లేని ఓటర్లు

రైల్వే కాలనీ ఒకరిది, పురపాలక సంఘం మరొకరిది. ఖరగ్‌పూర్ ఓటు తరచూ పక్క మార్చడం వెనుక ఈ రెండు పాలనల చిక్కుముడి ఉంది.

పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్ 2019లో ఆరు నెలల తేడాతో రెండు తీర్పులిచ్చింది. మే నెల లోక్‌సభ ఎన్నికల్లో ఖరగ్‌పూర్ సదర్ శాసనసభ సెగ్మెంటు బీజేపీకి సుమారు 45 వేల ఓట్ల ఆధిక్యం ఇచ్చింది. నవంబరులో అదే సెగ్మెంటుకు జరిగిన ఉప ఎన్నికలో తృణమూల్ కాంగ్రెస్ అభ్యర్థి ప్రదీప్ సర్కార్ 20 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. ఆ స్థానం తృణమూల్‌కు దక్కడం అదే మొదటిసారి. 2021లో ఓటరు మళ్లీ పక్క మార్చాడు. బీజేపీ నిలబెట్టిన సినీ నటుడు హిరణ్ ఛటర్జీ సర్కార్‌ను నాలుగు వేల లోపు తేడాతో ఓడించారు. ఏడాది తిరక్కుండానే, 2022 ఫిబ్రవరి పురపాలక ఎన్నికల్లో 35 వార్డులకు గాను 20 తృణమూల్ ఖాతాలో పడ్డాయి.

దీన్ని నిలకడలేనితనం అనుకుంటే పొరపాటే. ఈ ఊళ్లో సామాన్యుడికి రెండు ప్రభుత్వాలతో పని. రైల్వే భూమి, క్వార్టర్లు, కాలనీ రోడ్లు, అక్కడి నీళ్లు, కరెంటు, పారిశుధ్యం రైల్వే చేతిలో ఉన్నాయి. అంటే పెత్తనం ఢిల్లీది. రేషన్ కార్డు, పింఛను, జనన ధ్రువపత్రం, రైల్వే హద్దు దాటిన వీధుల్లో డ్రైనేజీ రాష్ట్రం, పురపాలక సంఘం పరిధిలోకి వస్తాయి. ఒకే కుటుంబం పొద్దున రైల్వే అధికారి గుమ్మం ఎక్కి, సాయంత్రం కౌన్సిలర్ ఇంటికి వెళ్లక తప్పదు. రెండు గుమ్మాలున్న చోట ఓటు కూడా రెండు రకాలుగా పడుతోంది.

అసలు ఈ ఊరు రైలుతోనే పుట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ నిర్మించి, ఆ వెంటనే పెద్ద వర్క్‌షాపు పెట్టింది. తూర్పు తీరం వెంబడి రైలు దారి వాల్తేరు దాకా కలిశాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి జనం పని వెతుక్కుంటూ బండెక్కారు. గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా, ఖలాసీలుగా చేరిన వాళ్లు కాలనీల్లోనూ, వాటిని ఆనుకుని వెలసిన బస్తీల్లోనూ స్థిరపడ్డారు. బెంగాలీ, హిందీ, ఒడియా, పంజాబీ మాట్లాడేవాళ్ల మధ్య తెలుగువాళ్లు కలగలిసిపోయిన ఈ ఊరిని ‘మినీ ఇండియా’ అని పిలవడం స్థానికులకు పరిపాటి. మథురాకాటి, నిమ్‌పురా వంటి చోట్ల తెలుగు ఇప్పటికీ వీధి భాషే.

రాజకీయం ఇక్కడికి వార్డు సభల ద్వారా కాక కార్మిక సంఘం ద్వారా వచ్చింది. 1927లో ఉద్యోగాల కోతకు నిరసనగా వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వారిని నడిపించిన నాయకుల్లో ఒకరు బరంపురానికి చెందిన వి.వి. గిరి. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన ఆ తెలుగు నేత రాజకీయ జీవితంలో ఈ రైల్వే ఊరు తొలి మెట్లలో ఒకటి. పురపాలక సంఘం ఏర్పడేసరికి 1954 వచ్చింది. 2001 జనాభా లెక్కలు కూడా పురపాలక పట్టణాన్ని, సుమారు 88 వేల మంది ఉన్న రైల్వే సెటిల్‌మెంటును వేర్వేరుగానే చూపాయి.

వార్డుల హద్దులు ఆ తర్వాత రైల్వే ప్రాంతంలోకి కూడా చొచ్చుకెళ్లాయి. దాంతో కాలనీవాసికి కౌన్సిలర్ దొరికాడు కానీ ఆ కౌన్సిలర్‌కు అధికారం దొరకలేదు. తన వార్డులో మురుగు కాలువ తవ్వించాలన్నా, కుళాయి వేయించాలన్నా రైల్వే అనుమతి కావాలి. బస్తీల పరిస్థితి మరీ అన్యాయం. రెండు మూడు తరాలుగా ఉంటున్న ఇంటికి పట్టా లేదు. ఎందుకంటే ఆ నేల రైల్వేది. పట్టాలు వేసిన వాళ్ల మనవలకు పట్టా లేకపోవడం ఈ ఊరి రాజకీయాల్లో నలిగి నలిగి నానుడిగా మారాల్సిన సమస్య. ఖాళీ చేయిస్తారన్న భయం, ఖాళీ చేయించబోమన్న హామీ ప్రతి ఎన్నికకూ జంటగా వస్తాయి.

ఇలాంటి చోట పార్టీ కన్నా పని చేసిపెట్టే మనిషి ముఖ్యమవుతాడు. ‘చాచా’గా అందరికీ తెలిసిన కాంగ్రెస్ నేత జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్ అందుకు నిదర్శనం. వామపక్షాలు రాష్ట్రాన్ని ఏలిన 34 ఏళ్లలోనూ ఎక్కువ కాలం ఇక్కడ ఆయనే ఎమ్మెల్యే. మొత్తం పదిసార్లు గెలిచిన ఆ సిక్కు నాయకుడిని 2016లో బీజేపీకి చెందిన దిలీప్ ఘోష్ 6,309 ఓట్లతో ఓడించారు. మరుసటి ఏడాది సోహన్‌పాల్ కన్నుమూశారు. అందరికీ సమ్మతమైన ఆ పెద్దరికం పోయాక, ఓటు ఏ ఒక్కరి దగ్గరా స్థిరంగా నిలవలేదు.

చీలిక 2015 పురపాలక ఫలితాల్లోనే కనిపించింది. తృణమూల్‌కు 11, కాంగ్రెస్‌కు 11, బీజేపీకి 7, వామపక్షాలకు 6 వార్డులు వచ్చాయి. ఓటరు ఎవరికీ మెజారిటీ ఇవ్వకపోయినా ఫిరాయింపులతో తృణమూల్ బోర్డు ఏర్పడింది. రైల్వే తుక్కు కాంట్రాక్టుల చుట్టూ అల్లుకున్న ముఠాల నీడ కూడా ఈ రాజకీయం మీద ఉంది. బీజేపీ టికెట్‌పై గెలిచి తృణమూల్‌లో చేరిన కౌన్సిలర్ పూజా నాయుడు భర్త శ్రీను నాయుడిని 2017 జనవరిలో తృణమూల్ కార్యాలయంలోనే కాల్చి చంపారు.

తెలుగు ఓటు మీద అన్ని పార్టీలకూ కన్నుంది. 2019 మేలో మమతా బెనర్జీకి మద్దతుగా అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఖరగ్‌పూర్ వచ్చి ప్రచారం చేశారు. అయినా ఆధిక్యం బీజేపీకే దక్కింది. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, తెలుగుకు అధికార భాష హోదా ఇస్తూ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ తర్వాత జరిగిన ఎన్నికలో గెలిచింది మళ్లీ బీజేపీయే. ఈ రెండు ఉదాహరణలు చెప్పేది ఒకటే. భాషకు గౌరవం దక్కితే జనం సంతోషిస్తారు, అయితే కుళాయిలో నీళ్లు, నెత్తిన కప్పు అనే లెక్కలు వేరే వేసుకుంటారు.

కంపెనీ నేల మీద బతికే ఓటరు కష్టం ఖరగ్‌పూర్‌కే పరిమితం కాదు. అమెరికాలో రైలు పెట్టెల తయారీదారు జార్జ్ పుల్‌మన్ 1880ల్లో షికాగో పక్కన తన పేరుతోనే ఊరు కట్టించారు. ఇళ్లు, మార్కెట్, ఆఖరికి చర్చి భవనం కూడా కంపెనీవే. జీతాలు తగ్గించి అద్దెలు తగ్గించకపోవడంతో 1894లో భారీ సమ్మె జరిగింది. 1898లో ఇలినాయ్ సుప్రీంకోర్టు, ఫ్యాక్టరీకి అవసరం లేని ఆస్తులను కంపెనీ వదులుకోవాలని తీర్పు చెప్పింది. యజమానే ఇంటి ఆసామీ కూడా అయితే పౌరుడు అద్దెదారుగానే మిగులుతాడన్న వాదనకు అలా బలం వచ్చింది.

మన రాజ్యాంగానికి 74వ సవరణ అమల్లోకి వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. పట్టణాలకు స్వపరిపాలన ఇవ్వడమే దాని ఉద్దేశం. వార్డు ఉండి, ఓటు ఉండి, గెలిచిన సభ్యుడి మాట మాత్రం రైల్వే కంచె దగ్గరే ఆగిపోతే అది సగం స్వపరిపాలనే. రైల్వే, రాష్ట్రం, పురపాలక సంఘం ఒకే బల్ల చుట్టూ కూర్చుని బస్తీల్లో సౌకర్యాలెవరివో, నేల మీద హక్కెవరిదో తేల్చనంత కాలం ఖరగ్‌పూర్ ఓటరు ఒక ఎన్నికలో ఒక గుమ్మం, మరో ఎన్నికలో మరో గుమ్మం తడుతూనే ఉంటాడు.