పసిబిడ్డ తొలి పండుగలు

ముక్కోటి ఏకాదశి సమీపించినప్పుడు తల్లాడ ప్రాంతపు యువదంపతులు అడుగు ప్రశ్న ఒకటున్నది: రెండు నెలల పసికందుకు భద్రాద్రిలో ఉత్తరద్వార దర్శనము చేయింపవచ్చునా?

వలదనియే నా సమాధానము. ఆ దర్శనము తెల్లవారుజామున జరుగును. ధనుర్మాసపు చలి, గోదావరి గాలి, జనసమ్మర్దము బిడ్డ ఓర్చునవి కావు. శిశువును ఇల్లు దాటించు నిష్క్రమణమునకు మనుస్మృతి నాలుగవ మాసమును, అన్నప్రాశనకు ఆరవ మాసమును విధించినది. పురుళ్లు ఆసుపత్రులలో జరుగు ఈ కాలమున ఈ నియమము అక్షరాలా సాగదు, టీకాలకు వెళ్లవలసినదే. ఉత్సవపు రద్దీ విషయమున మాత్రము దానిని పాటించుటయే మేలు.

కార్తికమాసారంభమున పుట్టిన మగబిడ్డను తీసికొనుడు. సంక్రాంతి ముందునాడు భోగి. సాయంకాలము తల్లి ఒడిలో బిడ్డను కూర్చుండబెట్టి, ముత్తైదువలు రేగిపండ్లు, చెరకుముక్కలు, చిల్లర నాణెములు, పూరేకులు కలిపి, దిష్టి తీసి తలపై పోయుదురు. రేగి సూర్యునికి ప్రీతియని అర్కఫలమందురు. అయినను పాలుత్రాగు బిడ్డకు పూరేకులు చాలును. రేగిగింజయో నాణెమో నోటిలోనికి పోవునని నా భయము. పెద్దలు నొచ్చుకొన్నను తల్లి ఈ మాట చెప్పవలెను.

మాఘమున రథసప్తమి నాటికి నాలుగవ నెల వచ్చును. ఆనాటి లేయెండలో బిడ్డకు సూర్యుని చూపుడు. ఆరవ నెల చైత్రము. శ్రీరామనవమి కల్యాణపు రద్దీ తగ్గిన పిదప, శుభదినమున రాముని సన్నిధిలో పాయసము నాకింపవచ్చును.

ఈ ముక్కోటికి తాత, నాయనమ్మ వెళ్లి తెప్పోత్సవము చూచి, ప్రసాదము తెచ్చి బాలింతకు ఇత్తురు గాక.