చిన్న ట్రాక్టరుకు వెనుక హైడ్రాలిక్ శక్తి

నల్లగొండ ప్రాంతపు బత్తాయి తోటలలో పెద్ద ట్రాక్టరు తిరగడానికి చోటు చాలదు. అందువలన చెట్ల వరుసల నడుమ దూరగల చిన్న ట్రాక్టర్లు అక్కడ ఎంతో ఉపయోగకరం. మా మేనమామగారి వద్ద అటువంటిది ఒకటి కలదు. నేల చదును చేసే పలకను దాని వెనుక తగిలించి పనిచేసేటపుడు, పలక కోణం మార్చవలసిన ప్రతిసారి ఆయన ట్రాక్టరు దిగి, శీల ఊడదీసి, పలకను చేతితో త్రిప్పి, మరల శీల దిగగొట్టవలసి వచ్చేది. మోకాళ్ళ నొప్పి గల మనిషి రోజుకు ముప్పై మార్లు చేయదగిన పని కాదిది. కూర్చున్న చోటి నుండియే ఆ పలకను త్రిప్పే మార్గం కలదా అని ఆయన నన్ను అడిగారు. భౌతికశాస్త్రం చదివిన మేనల్లుడికి ఇది పరీక్షాపత్రంలో రాని ప్రశ్న.

మూడీన పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిక్కులకు సమానంగా ప్రసరిస్తుందని పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన నియమం మనకందరకు తెలిసినదే. దాని ఆధారంగా 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. ఆ శక్తిని నాగలికి చక్కగా జతచేసిన ఘనత ఐర్లండువాడైన హారీ ఫెర్గూసన్‌కు దక్కుతుంది. ఆయన రూపొందించిన మూడు బిందువుల లింకేజి 1939లో ఫోర్డు ట్రాక్టరుతో కలిసి అమెరికాలో విస్తృతంగా వ్యాపించింది. నేడు మన పల్లెల్లో కనిపించే ట్రాక్టర్ల వెనుక ఉన్న లిఫ్టు ఆ వంశానికి చెందినదే.

అయితే ఆ లిఫ్టుకు ఒక పరిమితి కలదు. నూనె పనిముట్టును పైకి ఎత్తుతుందే గాని, క్రిందికి నెట్టదు. పనిముట్టు తన బరువుతోనే దిగుతుంది. పలకను కుడికి, ఎడమకు కూడ బలంగా త్రిప్పాలంటే రెండు వైపుల నుండి నూనె అందుకోగల సిలిండరు, దానికి రెండు హోసు గొట్టాలు, నూనెను ఎటు పంపవలెనో నిర్ణయించే ఒక వాల్వు అవసరం. కొన్ని ట్రాక్టర్లలో ఆ వాల్వును బిగించడానికి తయారీదారులే చోటు వదలి ఉంటారు. అటువంటి చోటు ఉన్నపుడు దానినే వాడుకొనుట మేలు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరపడే విషయం ఒకటున్నది. పంపు పీడనాన్ని పుట్టించదు. ఇంజను తిరిగే కొలది అది నూనెను నెడుతూనే ఉంటుంది, అంతే. ఆ నూనెకు ఎదురైన అడ్డే పీడనంగా మారుతుంది. అడ్డు మితిమీరినపుడు నూనెను వెనుకకు మళ్ళించి వ్యవస్థను కాపాడేది రిలీఫ్ వాల్వు. పనిలేని వేళ నూనె ఎక్కడా అడ్డు లేకుండ సాగిపోవలెను గనుక, ఇటువంటి పంపుకు మధ్యస్థానంలో తెరచి ఉండే వాల్వునే అమర్చాలి. మూసి ఉండేదానిని అమర్చితే నూనె ఎల్లప్పుడు రిలీఫ్ వాల్వు గుండానే దూరి, వేడెక్కి, ఇంజను శక్తిని వృథా చేస్తుంది.

మా మేనమామగారు మొదట ఒక మెకానిక్కుచేత ఈ పని చేయించారు. ఆయన పంపుకు, లిఫ్టుకు నడుమ వాల్వు పెట్టి, దాని నుండి ట్యాంకుకు పోవలసిన మార్గాన్నే తీసుకొనిపోయి లిఫ్టుకు కలిపాడు. పలక చక్కగా తిరిగింది. అందరు సంతోషించారు. మూడవనాడు బరువైన పనిముట్టును లిఫ్టు ఎత్తుచుండగా, తక్కువ పీడనానికే తయారైన ఆ మార్గంలో పూర్తి పీడనం నిండి, సీలు చీలి, నూనె చిమ్మింది. సాగుకు అదను గల వారం రోజులు ట్రాక్టరు కదలలేదు. కావలసినదేమంటే మూడవ ద్వారం గల వాల్వు. అందులో మిగిలిన నూనె ఎక్కువ పీడనాన్ని తట్టుకొనే మార్గంలో లిఫ్టుకు పోతుంది. సిలిండరు నుండి తిరిగివచ్చే నూనె వేరుగా ట్యాంకుకు చేరుతుంది. ఈ ఒక్క గొట్టం విషయంలో పొదుపు చేసినందుకే అంత నష్టం.

ఇక లెక్క చూతము. సిలిండరు లోపలి వ్యాసం 63 మి.మీ. అనుకొంటే దాని వైశాల్యం సుమారు 31 చ.సెం.మీ. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పీడనంలో అది దాదాపు 4,650 కిలోల బలంతో నెట్టగలదు. కడ్డీ ఉన్న వైపు వైశాల్యం తక్కువ గనుక లాగే బలం కొంత తగ్గుతుంది. పంపు నిమిషానికి 20 లీటర్ల నూనె ఇస్తే, 30 సెం.మీ. పొడవున కడ్డీ బయటకు రావడానికి మూడు సెకనులైనా పట్టదు. బలం ఇంత కనిపించినా, ఆ నూనె మోసే శక్తి ఆరున్నర అశ్వశక్తులు మాత్రమే! కావున దానితో రోటవేటరు త్రిప్పగలమని ఎవరును ఆశించరాదు. నిరంతరంగా తిరిగే పనికి నిమిషానికి 540 చుట్లు తిరిగే పి.టి.ఓ. షాఫ్టు ఉండనే ఉన్నది.

ఎత్తుడు ట్రాలీకి ఇదే నూనెను వాడదలచినవారు ట్యాంకు పరిమాణం కూడ చూచుకోవలెను. 90 మి.మీ. వ్యాసం గల సిలిండరు 70 సెం.మీ. లేస్తే నాలుగున్నర లీటర్ల నూనె అందులోనికి పోతుంది. చిన్న ట్రాక్టరులో మట్టం అంతగా పడిపోతే పంపు నూనెకు బదులు గాలిని పీల్చి మొరాయిస్తుంది.

గొట్టాలు ఉక్కుతీగ అల్లికతో తగిన పీడనానికి తయారైనవై ఉండాలి. నీటి గొట్టానికి క్లిప్పులు బిగించి సరిపెట్టుకొనుట ప్రాణాంతకం. కారుచున్న చోటును చేతితో తడిమి వెదకరాదు, అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి. సూదిమొనంత రంధ్రం నుండి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు. పైకి చీమకుట్టినంత గాయమే కనిపించినా, వెంటనే శస్త్రచికిత్స జరుగకపోతే చేయి పోవచ్చును. గొట్టాలు విప్పే ముందు పనిముట్టును నేలపై దించి, ఇంజను ఆపి, లివర్లను అటు ఇటు కదిపి మిగిలిన పీడనాన్ని వదలాలి. కప్లింగులకు మూతలు తప్పనిసరి. తోటలోని ఇసుకరేణువు ఒక్కటి వాల్వులో చేరినా గీతలు పడతాయి.

రెండవసారి అమర్చిన వాల్వు రెండు సంవత్సరాలుగా పనిచేస్తున్నది. మా మేనమామగారు ఇప్పుడు ట్రాక్టరు పైనుండి దిగేది భోజనానికి మాత్రమే.