పిరుదుకు సూది ఎక్కడ వెయ్యాలి, ఎందుకు?

జ్వరమొస్తే పిరుదుకు సూది వేయించుకోవడం మనకు బాగా అలవాటు. అక్కడ కండ ఎక్కువన్న మాట నిజమే. అయితే ఆ కండ కిందే మన ఒంట్లోకెల్లా లావైన నరం ఉంది. దాన్ని సయాటిక్ నరం (తొడ వెనుక కండరాలనూ, మోకాలి కింద కాలినీ కదిలించే నరం) అంటారు. పెద్దవాళ్లలో పైన దాని వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు.

నడుము కింది భాగంలో వెన్ను నుంచి వచ్చే 5 నరాలు కలిసి ఇది తయారవుతుంది. పిరుదు లోపల పిరిఫార్మిస్ (తొడను బయటికి తిప్పే చిన్న కండరం) కింది అంచు దగ్గర బయటికొస్తుంది. కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముకకూ, తుంటి పక్కన చేతికి తగిలే ఎముక బొడిపెకూ మధ్యగా తొడలోకి దిగుతుంది. తొడ వెనుక మూడు పొడవాటి కండరాలున్నాయి. మోకాలిని వంచేవి, పరుగులో పట్టేసేవి అవే. నరం వాటి చాటున సాగి, సాధారణంగా మోకాలికి కాస్త పైన రెండుగా చీలుతుంది. ఒక పాయ పిక్కలోకి పోతుంది. రెండోది మోకాలి బయటి పక్కగా చుట్టి, పాదాన్ని పైకెత్తే కండరాలకు చేరుతుంది.

సూది ఈ నరంలో దిగితే పోటు ఒక్కటే కాదు, మందు కూడా నరం పోగులను పాడుచేస్తుంది. చాలామందికి అప్పటికప్పుడే షాకు కొట్టినట్టు నొప్పి పాదం దాకా పాకుతుంది. ఎక్కువగా దెబ్బతినేది రెండో పాయకు వెళ్లే పోగులు. అప్పుడు పాదం పైకి లేవదు. నడుస్తుంటే వేళ్లు నేలకు రాసుకుంటాయి, చెప్పు జారిపోతుంది. తెగిన పోగు మళ్లీ పెరిగినా రోజుకు సుమారు 1 మిల్లీమీటరే. పిరుదు నుంచి మోకాలి కింది కండరం దాకా అర మీటరు అనుకున్నా ఏడాది దాటుతుంది. ఈలోగా ఆ కండరం క్షీణిస్తూ ఉంటుంది. బక్క పిల్లలకు కండ పలచన కాబట్టి ప్రమాదం మరీ ఎక్కువ.

అందుకే పిరుదును నాలుగు భాగాలుగా ఊహించుకుని, పైన బయటి భాగంలోనే వెయ్యాలని నేర్పుతారు. పొరపాటు జరిగేది ఇక్కడే. మెత్తగా కనిపించే కండనే పిరుదు అనుకుని దాన్ని నాలుగు చేస్తే సూది కిందికి దిగిపోతుంది. పిరుదు పై హద్దు నడుము దగ్గర చేతికి తగిలే ఎముక అంచు.

ఇంతకంటే భద్రమైన చోటు తుంటి పక్క భాగం. కుడి తుంటికైతే ఎడమ అరచేతిని బొడిపె మీద ఆనించాలి. చూపుడువేలు ముందున్న ఎముక కొన మీద పెట్టి, మధ్యవేలు వెనక్కి చాపాలి. ఆ రెండు వేళ్ల సందులో పెద్ద నరాలు గానీ రక్తనాళాలు గానీ లేవు. నా దృష్టిలో సూది వేసే ప్రతి ఒక్కరికీ ఈ పద్ధతి చేతికి అలవాటు కావాలి. పసిపిల్లల టీకాలు తొడ ముందు బయటి పక్కన వేసేదీ ఈ నరానికి దూరంగా ఉండటానికే. కుక్క కాటు టీకాను పెద్దలకైనా పిరుదుకు వెయ్యకూడదు. కొవ్వులో చిక్కుకుంటే అది సరిగా పనిచెయ్యదు.

సూది దిగుతుండగా కాల్లోకి జివ్వుమని లాగితే వెంటనే చెప్పండి. మందు ఎక్కించడం ఆపి సూది తీసెయ్యాలి. తర్వాత పాదం ఎత్తలేకపోతే నరాల డాక్టరుకు చూపించాలి. ఫిజియోథెరపీ, పాదానికి ఆధారమిచ్చే పట్టీ ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది.